వరద తర్వాత అడవైన పెరడు: తొమ్మిది మంది, మూడు పొద్దులు, బదులు సాయం

వీడియోలో మీరు చూసిన సొరపాదు, గోంగూర మడి ఉన్న చోట ఒకప్పుడు మనిషి కాలు పెట్టే సందు లేదు. దాన్ని ఎట్లా బాగు చేసుకున్నామో, నేనెక్కడ తప్పు చేశానో చెప్తాను. మీ పెరడుకు పనికొస్తుంది.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, ఇక మీరే చూసుకోండి. దుమ్ముగూడెం మండలంలోని మా ఇల్లు కిటికీల దాకా మునిగింది. నీళ్లు తీసినాక అమ్మను తీసుకొని ఖమ్మం వెళ్లిపోయాను. అమ్మ పోరగా పోరగా 2024 మేలో తిరిగొచ్చాం. ఆరు గుంటల పెరట్లో వరద వేసిన ఒండ్రు మీద వయ్యారిభామ, తూటికాడ, తుంగ, పులికంప కలగలిసి లేచాయి. రెండో రోజే బావి దగ్గరికి పోతుంటే అమ్మ కాళ్ల ముందు నుంచి రక్తపింజర పోయింది. ఊరికి పోదామని అంతగా పోరిన మనిషి, "నావల్ల కాదు బిడ్డా, మళ్లీ ఖమ్మమే పోదాం" అంది.

నా తప్పు

నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివాను. కలుపు మందుల పేర్లు, డోసులు బట్టీ పట్టినవాణ్ణే. మందు కొట్టొద్దని మాత్రం ముందే అనుకున్నాను. ఒక్కడినే మూడు రోజులు కొడవలి పట్టి, ఎండిన వయ్యారిభామను కోసి మూలకు కుప్ప వేశాను. ఆ ఊపులో విత్తనం అంతా నేనే చల్లాను! ఈ మొక్క ఒక్కటే వేలల్లో విత్తనం రాలుస్తుంది. జూన్ వానలు పడగానే కుప్ప చుట్టూ, నేను నడిచిన దారి పొడుగునా నారుమడిలా మొలిచింది.

జేసీబీ పెడదామనుకున్నా. కానీ అది కలుపుతో పాటు గోదారమ్మ ఇచ్చిన ఒండ్రును కూడా గీకేస్తుంది. నిప్పు పెడదామంటే పక్కింటి బాబాయి ఆపాడు. "నిప్పు పెడితే పాము బయటికే వస్తది. వచ్చి మా ఇంట్లో దూరుతది. ఆగు, అందరం వస్తాం" అన్నాడు.

బదులు పని

మా వైపు ఒకరి చేనికి ఒకరు పోయి పని చేసుకోవడాన్ని బదులు అంటారు. జూలై మొదట్లో అందరికీ పత్తిలో కలుపు, నారుమళ్ల పని. అయినా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా తొమ్మిది మంది వచ్చారు. మూడు పొద్దుల్లో పని అయిపోయింది. చేసిన తీరు ఇదీ:

1. వాన పడిన మర్నాడు మొదలుపెట్టాం. తడి నేలలో వయ్యారిభామ వేరుతో సహా వస్తుంది. మొలిచిన నెల, నెలన్నరకే ఇది పూతకు వస్తుంది కాబట్టి ఆలోపే పీకాలి. జబల్‌పూర్ కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారం జరుపుతుంది. తొలకరికి మొలిచిన దాన్ని మాత్రం అప్పటిదాకా ఉంచకండి.

2. ఇంటి గోడ నుంచి కంచె వైపు నరుక్కుంటూ పోయాం. ముందు ఒకరు పొడుగు కర్రతో తట్టారు. పాము పోవడానికి అవతలి వైపు దారి ఉండాలి. బూట్లు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దురద, ఆయాసం వస్తాయి. పాము కరిస్తే నాటు వైద్యం జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికే పోవాలి.

3. మూడు కుప్పలు వేశాం. పూత రానిది ఆచ్ఛాదనకు. పూత, గింజ ఉన్నది సంచుల్లో పట్టి లోతు గోతిలో వేసి మట్టి కప్పాం. ఆ గోతిని మళ్లీ తవ్వం. తూటికాడ ముక్క నేలకు తగిలితే చాలు వేరు పడుతుంది. అందుకే దాన్ని బండల మీద పెళపెళలాడేలా ఎండబెట్టాం.

4. నేలను ఒక్క వారం కూడా ఖాళీగా ఉంచలేదు. జనుము, బొబ్బర చల్లాం. తుంగ గడ్డలు తవ్వినా కొన్ని మిగులుతాయి, ఆచ్ఛాదనను కూడా పొడుచుకొని వస్తాయి. కానీ తుంగకు నీడ పడదు. జనుము కమ్ముకున్న చోట బాగా తగ్గింది. పూత దశలో జనుము కోసి అక్కడే పరిచాం.

5. పాలేకర్ గారి లెక్కలో ఎకరానికి జీవామృతం 200 లీటర్లు. ఆరు గుంటలకు 30 లీటర్లు చాలు. దానికి ఆవు పేడ కిలోన్నర, మూత్రం లీటరున్నర, బెల్లం 300 గ్రాములు, పప్పు పిండి 300 గ్రాములు, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ రెండు పూటలా కలిపి, నేల తడిగా ఉన్నప్పుడు పోశాం.

ఖర్చు లెక్క

డబ్బు రూపంలో అయినది మూడు రోజుల చాయ్, ఉప్మా, రెండు జతల చేతి తొడుగులు. అసలు లెక్క వేరే ఉంది. తొమ్మిది మందికి మూడు చొప్పున 27 పొద్దులు నేను బాకీ. నోటు పుస్తకంలో రాసుకొని పత్తి కలుపుకు, వరి నాట్లకు, ఒక ఇంటి గడ్డి కప్పుకు పోయి తీర్చుకుంటూ వచ్చాను. ఒక పెద్దమ్మ చేనిలో నేను తీసిన కలుపు చూసి, "డిప్లొమాలో సాళ్లు విడిచిపెట్టమని చెప్పారా అయ్యా?" అని నవ్వింది. మళ్లీ ఆ సాలు తీశాను. అది వేరే పొద్దు కింద లెక్కకు రాలేదు!

ఇప్పుడూ వానకు అక్కడక్కడ వయ్యారిభామ మొలుస్తుంది. నేలలో పాత విత్తనం ఉంటుంది కదా. వారానికి ఒకసారి అమ్మ తడి నేలలో నాలుగు మొక్కలు పీకేస్తుంది, పదిహేను నిమిషాల పని. సొరవిత్తనం బాబాయి ఇంటిదే, తొలి కాయ వాళ్లింటికే పోయింది. ఖమ్మం మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

మీ పెరడు కూడా ఇట్లా అడవై ఉంటే ఒక్కరే కొడవలి పట్టకండి. ముందు పక్కింటివాళ్ల చేనికి ఒక పొద్దు పోయి రండి. నా పుస్తకంలో ఇంకా రెండు పొద్దులు బాకీ ఉన్నాయి, రేపు పొద్దున ఒకటి తీరుతుంది.