జాబితా రాకముందే సీటు మాట: సైనికాధికారి కావాలనుకునే విద్యార్థులకు కొన్ని వివరాలు

సైన్యంలో అధికారిగా చేరాలన్న కోరిక మన కళాశాలలో చాలామందికి ఉంది. హాస్టల్ గదుల గోడలమీద అంటించిన యుద్ధవిమానాల బొమ్మలు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. అయితే ఆ కోరికతో పరీక్ష రాసినవాళ్లందరికీ ఒక చిక్కు తప్పదు. రాతపరీక్ష పాసవుతారు, ఇంటర్వ్యూ ఇంకా జరగాలి. ఈలోగా ఫలానా తేదీలోగా చేరకపోతే సీటు పోతుందని కాలేజీ నుంచి కబురొస్తుంది. చేరితే ఫీజు, హాస్టల్ ఖర్చు. చేరకపోతే, రేపు జాబితాలో పేరు రాకుంటే, సంవత్సరం పోయినట్టే. ఏది చెయ్యాలి?

బజారులో దొరికే గైడ్లు పరీక్ష ఎలా రాయాలో చెబుతాయి గానీ, రాశాక ఎలా ఎదురుచూడాలో చెప్పవు. ఇంటర్ అయినప్పుడు ఒకసారి ఈ నిరీక్షణ అనుభవించాను. ఇప్పుడు బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో మళ్లీ అందులోనే ఉన్నాను. నాకు తెలిసినంతవరకు ఈ విషయాన్ని వరసగా మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దారిలో అయిదు గేట్లు

ఇంటర్ తర్వాత ఉన్న ముఖ్యమైన దారి ఎన్.డి.ఎ. అంటే పూణె దగ్గర ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ. 1949లో శంకుస్థాపన జరిగి, 1954లో ఇది పనిలోకి వచ్చింది. పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసువాళ్లకే ఇందులో ప్రవేశం. డిగ్రీ తర్వాతి దారి సి.డి.ఎస్. పరీక్ష. దానిద్వారా డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి, ఎళిమల నౌకాదళ అకాడమీకి, మన హైదరాబాదు పక్కనే దుండిగల్లో ఉన్న వాయుసేన అకాడమీకి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లవచ్చు. రెండు పరీక్షలూ యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. అమ్మాయిలకు సి.డి.ఎస్. ద్వారా చెన్నై దారి ముందునుంచే ఉంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఎన్.డి.ఎ. తలుపు కూడా తెరుచుకుంది.

మొదటి గేటు రాతపరీక్ష. ఎన్.డి.ఎ.లో గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, మొత్తం 900 మార్కులు. రెండోది ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ. దీనికి మళ్లీ 900. అంటే నాలుగైదు రోజుల ఇంటర్వ్యూకి మొత్తం రాతపరీక్షతో సమానమైన బరువుందన్నమాట. అక్కడ మొదటిరోజే సగానికి పైగా మంది వెనక్కి వచ్చేస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. మిగిలినవాళ్లకు మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టు పనులు, ముఖాముఖి, చివరిరోజు కాన్ఫరెన్సు. పదాల పరీక్షలో అరవై మాటలు, ఒక్కో మాటకు పదిహేను సెకన్లు. ఆలోచించి కల్పించి రాసే వ్యవధి ఉండదు, మనం ఏమిటో అదే బయటికొస్తుంది.

మూడో గేటు సైనిక ఆసుపత్రిలో వైద్యపరీక్ష. నాలుగోది యు.పి.ఎస్.సి. మెరిట్ జాబితా. అయిదోది, అసలైనది, జాయినింగ్ లెటర్.

ఈ చివరి మూడింటినీ చాలామంది ఒకటిగా కలిపేస్తారు. ఎస్.ఎస్.బి.లో ‘రికమెండ్’ అయితే పని అయిపోయిందని ఊరంతా అనుకుంటుంది. కాలేదు. మెరిట్ జాబితా వేసేటప్పుడు వైద్యపరీక్ష ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ మాట జాబితా మీదే రాసి ఉంటుంది. జాబితాలో ఉన్న పేర్లు ఖాళీల కంటే ఎక్కువ కూడా ఉంటాయి. అందువల్ల పేరు అచ్చయినా ఉత్తరం రాకపోవచ్చు.

నా సంగతే చెబుతాను. ఇంటర్ రెండో సంవత్సరం చివర, ఏప్రిల్‌లో ఎన్.డి.ఎ. రాశాను. పాసయ్యాను. బెంగుళూరులో ఎస్.ఎస్.బి.కి హాజరై రికమెండ్ అయ్యాను. వైద్యపరీక్షలో కూడా ఏ లోపమూ లేదన్నారు. మెరిట్ జాబితాలో నా నెంబరు ఉంది. ఊళ్లో స్వీట్లు కూడా పంచారు. కానీ నా నెంబరు ఖాళీలు దాటిన తర్వాత ఉంది. జనవరిలో కోర్సు మొదలైంది, నాకు ఉత్తరం రాలేదు. అప్పటికి నేను ఈ కాలేజీలో మొదటి సెమిస్టరు పరీక్షలు రాసి ఉన్నాను కాబట్టి సంవత్సరం మిగిలింది. మా పక్కూరి మిత్రుడొకడు ఆ ఏడే డిగ్రీ సీటు వద్దనుకుని ఎదురుచూశాడు. తెలివిలో నాకేమీ తక్కువవాడు కాడు. అతనికీ ఉత్తరం రాలేదు. ఆ ఏడాదంతా ఇంటిదగ్గరే ఉండిపోయాడు.

రెండు క్యాలెండర్లు

చిక్కంతా ఎక్కడుందంటే, సైన్యం క్యాలెండరు వేరు, కాలేజీల క్యాలెండరు వేరు. ఒకదానికోసం ఇంకొకటి ఆగదు. అందువల్ల ముందుగా ఈ లెక్క తెలుసుకోవాలి.

ఏప్రిల్‌లో జరిగే ఎన్.డి.ఎ. రాస్తే కోర్సు వచ్చే జనవరిలో మొదలవుతుంది. అంటే తుది ఫలితం చలికాలానికి గాని తేలదు. డిగ్రీ ప్రవేశాలు మాత్రం వేసవిలోనే జరిగిపోతాయి. తెలంగాణలో 2016 నుంచి నడుస్తున్న ‘దోస్త్’ పద్ధతిలో సీటు వచ్చినవాళ్లు ఇచ్చిన తేదీలోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యకపోతే ఆ సీటు పోతుంది. ఇక్కడ రెండు క్యాలెండర్లూ నేరుగా ఢీకొంటాయి.

సెప్టెంబరులో జరిగే ఎన్.డి.ఎ. సంగతి వేరు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూనే దాన్ని రాయవచ్చు. దాని కోర్సు మరుసటి జులైలో మొదలవుతుంది. కాబట్టి ఇంటర్వ్యూలు ఎండాకాలానికి ముందే చాలావరకు అయిపోతాయి. అదే పరీక్ష, అవే మార్కులు, కానీ నిరీక్షణ చాలా చిన్నది. మన ఊళ్లలోని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ఒక్కమాట చెప్పినా మేలు చేసినవాళ్లమవుతాం.

సి.డి.ఎస్.కి కూడా ఇదే లెక్క. ఏడాదిలో మొదటి పరీక్ష రాస్తే డెహ్రాడూన్ కోర్సు వచ్చే జనవరిలో, రెండోది రాస్తే వచ్చే జులైలో. చెన్నై కోర్సులు ఏప్రిల్‌లో, అక్టోబరులో. డిగ్రీ చివరి ఏడాదిలో రెండో సి.డి.ఎస్. రాస్తే ఎం.ఎస్సీ. ప్రవేశాల నాటికి విషయం తేలే అవకాశం ఎక్కువ. మొదటిది రాస్తే ఎం.ఎస్సీ. కౌన్సెలింగ్ నడిచే రోజుల్లో ఎక్కడో ఇంటర్వ్యూలో ఉంటాం.

అమెరికాలోనూ ఇదే బాధ

ఈ చిక్కు మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఆర్.ఓ.టి.సి. అనే పద్ధతి ఉంది. 1916నాటి చట్టంతో ఏర్పడింది. అక్కడ విద్యార్థి మామూలు యూనివర్సిటీలోనే చదువుతూ, దాంతోపాటే అధికారి శిక్షణ పొందుతాడు. స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు సైన్యం కడుతుంది, చదువయ్యాక కొన్నేళ్లు సైన్యంలో పనిచెయ్యాలి. అక్కడి కాలేజీలు చాలావరకు మే 1వ తేదీలోగా చేరేదీ లేనిదీ చెప్పమంటాయి. స్కాలర్‌షిప్ నిర్ణయాలేమో విడతలు విడతలుగా వస్తాయి. ఆ డబ్బు రాకుంటే ఆ కాలేజీ ఫీజు భరించలేని కుటుంబాలు ఏప్రిల్ నెలంతా ఉత్తరంకోసం చూస్తూ కూర్చుంటాయి.

తేడా ఒకటుంది. వాళ్లకు స్కాలర్‌షిప్, కాలేజీ ఒకే దారిలో ఉన్నాయి. మనకు అకాడమీయే కాలేజీ. ఎన్.డి.ఎ.లో చదువు, బస, భోజనం, బట్టలు అన్నీ ప్రభుత్వ ఖర్చే. ఇంటివాళ్లు చేరేటప్పుడు కొంత డిపాజిట్, తర్వాత జేబుఖర్చు చూసుకుంటే చాలు. మూడేళ్లు కాగానే జె.ఎన్.యు. డిగ్రీ వస్తుంది. కానీ అక్కడ చేరితే ఇక్కడి సీటు వదలాలి. ఇక్కడ చేరి, అక్కడినుంచి పిలుపొస్తే ఇక్కడ మానేయాలి. కాబట్టి మన ప్రశ్న ఇలా మారుతుంది: ఏ నిర్ణయాన్ని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు, దేన్ని తీసుకోలేం?

వెనక్కి తీసుకోగలిగేది సీటే

కాలేజీ సీటు తీసుకుని తర్వాత వదులుకోవచ్చు. వదిలిన సీటు మాత్రం మళ్లీ దొరకదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. ఎదురుచూపు ఎంత బలంగా ఉన్నా, జాయినింగ్ లెటర్ చేతికొచ్చేవరకు సీటు వదలకూడదు.

అయితే సీటు తీసుకోవాలంటే డబ్బు కావాలి. మాది నాలుగెకరాల వర్షాధారపు పత్తి సేద్యం. జూన్ నెల మా ఇంట్లో డబ్బుండని నెల. ఉన్నదంతా విత్తనాలకు, ఎరువులకు పోతుంది. సరిగ్గా ఆ నెలలోనే కాలేజీ గడువు వచ్చింది. డిసెంబరులో ఎటూ వెళ్లిపోతానేమో, ఇప్పుడు హాస్టల్ అడ్వాన్సు ఎందుకు కట్టాలని నేనే అన్నాను. అప్పుడు మా బాపు అన్న మాట ఇది: “వాన పడ్డంక విత్తనానికి పోతే దొరుకుతదా బిడ్డా? గింజ ముందుగాల ఇంట్ల ఉండాలె. వాన రాకుంటే అప్పుడు సూసుకుందాం.” ఒక ఎకరానికి ఎరువు తగ్గించి అడ్వాన్సు కట్టాడు. ఆ ఎకరం దిగుబడి ఎంత తగ్గిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇలాంటి ఇళ్లనుంచి వచ్చిన మనకు ఫీజు వాపసు నియమాలు కంఠతా వచ్చి ఉండాలి. యు.జి.సి. 2018 అక్టోబరులో విడుదల చేసిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులో అంతకంటే ఎక్కువో ముందు సీటు వదులుకుంటే ఫీజు పూర్తిగా తిరిగివ్వాలి. అందులో కొద్దిపాటి రుసుము మాత్రం మినహాయించుకోవచ్చు. ఆ పదిహేను రోజుల లోపల అయితే 90 శాతం. చివరి తేదీ తర్వాత పదిహేను రోజుల్లోగా అయితే 80 శాతం. పదహారోరోజు నుంచి ముప్పయ్యో రోజువరకు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. జనవరి కోర్సుకు వెళ్లేవాళ్లకు ఈ వాపసు అందదు. కట్టిన ఫీజును సంవత్సరానికి చేసిన బీమా అనుకోవాలి. జులై కోర్సుకు వెళ్లేవాళ్లకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

అదే నోటిఫికేషన్‌లో ఇంకో మేలు ఉంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు, సరిచూసి తిరిగి ఇచ్చెయ్యాలి. ఎస్.ఎస్.బి.కి ఒరిజినల్స్ తీసుకెళ్లాలి కాబట్టి ఇది మనకు చాలా అవసరం.

అకాడమీలో చేరడం మాత్రం ఇలాంటిది కాదు. శిక్షణ మధ్యలో తనంతట తాను మానేస్తే ఖర్చు తిరిగి కట్టే షరతుమీద సంతకం చెయ్యాలి. కనుక రెండిట్లో బాగా ఆలోచించి అడుగు వెయ్యాల్సింది అక్కడే.

ఎదురుచూసే రోజుల్లో చెయ్యవలసినవి

ఒకటి: రాతపరీక్ష ఫలితం వచ్చిన రెండు వారాల్లోగా సైన్యం నియామకాల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. లేకుంటే ఇంటర్వ్యూ పిలుపే రాదు. ఇంటర్వ్యూ తేదీని ఎంచుకునే వీలుంటే మన సెమిస్టరు పరీక్షలు చూసుకుని ఎంచుకోవాలి.

రెండు: ఇంటర్వ్యూకి వెళ్లేముందే లెక్చరర్లకు, ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుకు చెప్పాలి. వారం రోజుల ప్రాక్టికల్స్ పోతే రికార్డు పూర్తి కాదు. ముందుగా చెబితే మన సార్లు వేరే బ్యాచితో చేయించారు. చెప్పకుండా పోయి వచ్చాక అడిగితే వాళ్లకూ ఇబ్బందే.

మూడు: డిగ్రీ చదువు తగ్గించకూడదు. చివరి ఏడాదివాళ్లు నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోగా డిగ్రీ పాసైనట్టు రుజువు చూపాలి. ఒక్క పేపరు బ్యాక్‌లాగ్ ఉన్నా ఎంపిక చేతికందీ జారిపోతుంది.

నాలుగు: ఎన్.సి.సి. ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు, నిర్ణీత గ్రేడు, మార్కులు ఉంటే, రాతపరీక్ష లేకుండానే ఎస్.ఎస్.బి.కి వెళ్లే ప్రత్యేక ప్రవేశం ఉంది. మొదటి సంవత్సరం మిత్రులు దీన్ని ఇప్పుడే ఆలోచించాలి. మూడో ఏట గుర్తుకొస్తే లాభం లేదు.

అయిదు: ఇంట్లోవాళ్లకు అయిదు గేట్ల సంగతి ముందే చెప్పాలి. ‘సెలెక్టయ్యాడు’ అన్న మాట ఊళ్లో పాకాక, కాలేదని చెప్పడం మనకంటే అమ్మానాన్నలకు ఎక్కువ కష్టం.

నేనిప్పుడు రెండో సి.డి.ఎస్. రాసి, రాతపరీక్ష పాసయ్యి, డెహ్రాడూన్ కోసం ఎస్.ఎస్.బి.కి సిద్ధమవుతున్నాను. దాంతోపాటే ఎం.ఎస్సీ. ఫిజిక్స్ ప్రవేశపరీక్షకు చదువుతున్నాను. రెండు పడవలమీద కాళ్లు పెట్టావని స్నేహితులు నవ్వుతారు. ఉత్తరం వస్తే సంతోషంగా పోతాను. రాకపోతే ఫిజిక్సు చదువుతాను, వయసు ఉన్నంతవరకు మళ్లీ రాస్తాను.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. లైబ్రరీ ముందున్న నోటీసు బోర్డులో ఒక మూల ఈ విషయానికి కేటాయించాలి. ఒకపక్క యు.పి.ఎస్.సి. నోటిఫికేషన్, పరీక్ష, కోర్సు తేదీలు, పక్కనే మన ప్రవేశాలు, సెమిస్టరు, ఫీజు వాపసు తేదీలు రాసి పెడితే చాలు. పట్నంలో కోచింగుకు పోలేని మాలాంటివాళ్లకు అదే పెద్ద సాయం. సంఘం ఒప్పుకుంటే, నేను ఇక్కడున్నన్నాళ్లు ప్రతినెలా మొదటి సోమవారం ఆ తేదీలు రాసిపెట్టే బాధ్యత నాది.