మోడల్ విమానం రెక్కకు సమానమైన రిబ్బులు కోయడం ఎలా?



గత వార్షికోత్సవానికి మన హాస్టల్‌కు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి తాను చేసిన విమానం చూపించాడు. థర్మోకోల్ రెక్కలు, అగరుబత్తి పుల్లలు, ముక్కుకు మట్టి ముద్ద. చేత్తో విసిరితే నాలుగు గజాలు చక్కగా పోయి, ఎడమ వైపుకు ఒరిగి పిట్టగోడకు తగిలేది. "అన్నా, ఎన్నిసార్లు వేసినా ఎడమకే పోతుంది, ఎందుకు?" అని అడిగాడు. ఇంతలో భోజనాల గంట కొట్టారు. "రెండు రెక్కలూ ఒకేలా లేవురా" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేశాను. జవాబు తప్పు కాదు గానీ దానితో వాడికి ఏ పనీ జరగదు. రెండు రెక్కలు ఒకేలా ఎలా చేయాలో చెప్పాలి కదా. సావనీర్‌కు ఏదైనా రాయమన్నప్పుడు ఆ బాకీయే గుర్తొచ్చింది.

చిన్న విమానానికి థర్మోకోల్ పలక చాలు. రెక్క ఒక మీటరు దాటితే చెక్కతో అస్థిపంజరం కట్టి పైన పల్చని ఫిల్మ్ అతికిస్తారు. చేపను తిన్నప్పుడు చూశారు కదా, నడుమ ఒక ముల్లు, దానికి వరుసగా పక్క ముళ్ళు. రెక్కలో కూడా అంతే. పొడవునా పోయే పుల్లను స్పార్ అంటారు, దానికి అడ్డంగా వరుసగా నిలబడేవి రిబ్బులు. గాలికి కనిపించే ఆకారం అంతా రిబ్బుదే. ఆ ఆకారాన్ని ఎయిరోఫాయిల్ అంటారు. రిబ్బు ముందు కొస నుంచి వెనుక కొస వరకు ఉన్న పొడవు కార్డ్.

సమానం కాకపోతే ఎంత నష్టమో ఒక లెక్క చూద్దాం. రెక్క మొత్తం పొడవు 1200 మి.మీ., కార్డ్ 180 మి.మీ., విమానం బరువు 600 గ్రాములు అనుకోండి. ఒక్కో పక్క రెక్క 300 గ్రాములు మోయాలి. ఇలాంటి రెక్క గాలికి 1 డిగ్రీ ఎక్కువ లేస్తే లిఫ్ట్ గుణకం సుమారు 0.08 పెరుగుతుంది. విమానం 0.5 గుణకంతో ఎగురుతోందనుకుంటే అది దాదాపు 16 శాతం, అంటే ఒక పక్కన 48 గ్రాములు. 50 గ్రాముల టీపొడి పొట్లాన్ని ఒక రెక్కకు వేలాడదీసి ఎగరమన్నట్టే. 180 మి.మీ. కార్డ్‌లో 1 డిగ్రీ అంటే వెనుక అంచు దగ్గర 3 మి.మీ. మాత్రమే. మన స్కేలు మీద మూడు గీతలు.

తేడా తెలిసి పెడితే అది వేరు. 1903 డిసెంబరు 17న అమెరికాలో కిట్టీ హాక్ దగ్గర ఎగిరిన రైట్ సోదరుల విమానంలో ఇంజను పైలట్‌కు కుడి పక్కన ఉండేది. ఇంజను మనిషి కంటే బరువు కాబట్టి కుడి రెక్కను ఎడమ దానికంటే 4 అంగుళాలు పొడవు చేశారు. నేను చేసింది అలాంటిది కాదు. నాకు తెలియకుండా జరిగింది.

కాలేజీలో మా నలుగురం కలిసి మొదటి విమానం మొదలుపెట్టినప్పుడు బాల్సా చెక్కకు నా వంతుగా ఇచ్చిన డబ్బు మా నాన్న రెండు రోజుల కూలి. రిబ్బుల పని నాకు అప్పగించారు. మొదటి రిబ్బు ఎంతో శ్రద్ధగా కోశాను. దాన్ని చెక్క మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి రెండోది కోశాను. రెండోదాన్ని పెట్టి మూడోది, మూడోదాన్ని పెట్టి నాలుగోది. అలా ఇరవై ఒకటి. ప్రతిసారీ పెన్సిల్ గీత రిబ్బుకు బయటి వైపున పడుతుంది. గీతను వదిలి కోస్తే ఆ మందం కొత్త రిబ్బుకు కలుస్తుంది. ఒకసారికి 0.2 మి.మీ. అంటే ఏమీ కాదు. కానీ ఇరవై నకళ్ళకు అది 4 మి.మీ. మొదటి రిబ్బు ఎత్తు 21 మి.మీ., చివరిది 25. పైగా మొదట కోసిన వాటిని ఎడమ రెక్కకు, తర్వాత కోసిన వాటిని కుడి రెక్కకు వరుసగా అతికించాను. ఎత్తు కొద్దికొద్దిగా పెరిగింది కాబట్టి కంటికి ఎక్కడా మెట్టు కనపడలేదు. ఫిల్మ్ వేశాక నున్నగా, అందంగా ఉంది కూడా.

కుడి రెక్క దళసరి, వంపు ఎక్కువ, కనుక లిఫ్ట్ ఎక్కువ. మొదటిసారి గాలిలోకి లేవగానే కుడి పక్క లేచి, ఎడమకు దొర్లి, గ్రౌండ్‌లో పడింది. కంట్రోల్ పట్టుకున్న స్నేహితుడు తన చేతి తప్పేమోనని వారం రోజులు బాధపడ్డాడు. నేను అప్పటికి ఏమీ మాట్లాడలేదు, ఎందుకంటే నాకూ తెలియదు.

విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని సెలవులకు ఇంటికి తీసుకెళ్ళాను. మా నాన్న తలుపులు, కిటికీలు చేసే షెడ్డులో హెల్పరు. రిబ్బులను నేల మీద పరిచి చూశాడు. రెండు కొసల్లో ఉన్న రెండింటిని తీసి పక్కపక్కన పెట్టి, "ఒకదాన్ని చూసి ఒకటి గీశావా?" అన్నాడు. అవునన్నాను. "కిటికీ రెక్కలకు పన్నెండు కమ్మీలు కావాలంటే పన్నెండూ పక్కపక్కన పేర్చి, క్లాంపు బిగించి, మూలమట్టం పెట్టి అన్నిటి మీదా ఒకటే గీత గీస్తాం. ఒకదాన్ని బట్టి ఒకటి గీస్తే ఆఖరి కిటికీ పట్టదు" అన్నాడు. తర్వాత మోడల్ విమానాల పుస్తకాలు చూస్తే వాటిలోనూ ఇదే పద్ధతి ఉంది. రెండు అచ్చుల మధ్య చెక్క ముక్కలన్నీ పేర్చి ఒక్కసారే చెక్కుతారు కాబట్టి దీనిని శాండ్‌విచ్ పద్ధతి అంటారు. ఇక ఆ పని ఎలాగో చూద్దాం.

ముందు అచ్చు. మొదటి విమానానికి క్లార్క్ వై అనే ఎయిరోఫాయిల్ మంచిది. 1922లో వర్జీనియస్ క్లార్క్ తయారుచేసినది, 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం రెక్కలో ఉన్నది ఇదే. అడుగు భాగం చాలావరకు చదునుగా ఉంటుంది కాబట్టి బల్ల మీద పెట్టి అతికించడం తేలిక. గ్రాఫ్ కాగితం మీద 180 మి.మీ. గీత గీయండి. ముందు కొస గీతకు 6.3 మి.మీ. ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 9 మి.మీ. దూరంలో పై ఎత్తు 14.2, 18 దగ్గర 17.3, 54 దగ్గర 21, 90 దగ్గర 19, 126 దగ్గర 13.2, 162 దగ్గర 5 మి.మీ. కింది వైపు 9 దగ్గర 1.7, 18 దగ్గర 0.8, 36 దాటాక చదును. ఈ చుక్కలను కలిపితే ఆకారం వస్తుంది. ముందు అంచు పుల్ల, వెనుక అంచు పట్టీ ఎంత చోటు తీసుకుంటాయో ఆ మేరకు అచ్చును రెండు కొసల్లో ముందే తగ్గించుకోవాలి. మొదటిసారి అందరూ మరిచిపోయేది ఇదే.

అచ్చులు రెండు కావాలి. 3 మి.మీ. ప్లైవుడ్‌కు సన్‌మైకా అతికించి చేస్తే బాగుంటుంది. వడ్రంగి షాపులో సన్‌మైకా ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. రెండు ముక్కలనూ రెండు వైపులా అంటుకునే టేపుతో కలిపి, ముందు అంచు నుంచి 30 మి.మీ. దగ్గర ఒకటి, 115 దగ్గర ఒకటి 4 మి.మీ. రంధ్రాలు వేసి, ఆ తర్వాత ఆకురాయితో రెండింటినీ కలిపే అరగదీయాలి. విడివిడిగా చేస్తే అచ్చుల్లోనే తేడా వస్తుంది, ఇక రిబ్బుల సంగతి చెప్పనక్కర లేదు. ఈ రెండు అచ్చుల మీద ఒక పూట ఎక్కువ పోయినా ఫరవాలేదు.

బాల్సా గురించి రెండు మాటలు. ఇది ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. మన బూరుగు చెట్టుకు బంధువే, ఒకే కుటుంబం. ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.15 గ్రాము ఉండేది మన పనికి సరిపోతుంది. 2 మి.మీ. షీటు నుంచి 180 పొడవు, 24 వెడల్పు ముక్కలు కోయాలి. 100 మి.మీ. వెడల్పు, 1 మీటరు పొడవున్న షీటుకు ఇరవై వస్తాయి. 60 మి.మీ. ఎడంతో 1200 రెక్కకు ఇరవై ఒకటి కావాలి కాబట్టి రెండో షీటును ఒక్క ముక్క కోసం కదపక తప్పదు. చెక్క పోగు ముందు నుంచి వెనుకకు, అంటే ముక్క పొడవునా ఉండాలి. అడ్డంగా ఉంటే వేలితో నొక్కగానే విరుగుతుంది. ఒకే షీటులో కూడా ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంటుంది. అందుకని రిబ్బులు తయారయ్యాక తూచి జతలు కట్టండి. బరువైనవి నడుమకు, తేలికైనవి కొసలకు, రెండు పక్కలా సమంగా వేయాలి.

ప్రతి ముక్కకూ అచ్చు పెట్టి రంధ్రాలు వేయండి. రెండు మూడు కలిపి వేయవచ్చు గానీ ఇరవై ఒకటీ ఒకేసారి చేతి డ్రిల్లుతో వేస్తే రంధ్రం వాలిపోతుంది. తర్వాత అచ్చు, ఇరవై ఒక్క ముక్కలు, అచ్చు, ఈ వరుసలో 65 మి.మీ. బోల్టులు దూర్చి బిగించాలి. మొత్తం దిమ్మ 50 మి.మీ. వస్తుంది. మరీ బిగిస్తే బాల్సా నలుగుతుంది, ముక్కలు కదలకుండా ఉంటే చాలు.

ఇప్పుడు అచ్చుల అంచులకు నల్ల మార్కరు పూయండి. దిమ్మను ముందు బ్లేడుతో గానీ చిన్న చిత్రికతో గానీ అచ్చుకు 1 మి.మీ. దూరం వరకు తెచ్చి, మిగిలింది శాండ్ పేపర్‌తో తీయాలి. 80 నంబరుతో మొదలుపెట్టి 240తో ముగించవచ్చు. కాగితాన్ని తప్పనిసరిగా తిన్నటి చెక్క దిమ్మకు అతికించే వాడాలి. వేళ్ళతో పట్టుకుని రుద్దితే మధ్యలో ఉన్న రిబ్బులు గుంట పడి సన్నబడతాయి. చెక్క ఎప్పుడూ రెండు అచ్చుల మీదా ఆని ఉండాలి. బాల్సా మీద మెత్తగా పోతున్న శబ్దం సన్‌మైకా తగలగానే కీచుమని మారుతుంది. మార్కరు రంగు చెదిరిన చోట చేయి ఆపాలి. ఈ పని చేస్తుంటే గంటన్నర ఎలా పోయిందో తెలియదు. పొడి మాత్రం చాలా వస్తుంది, ముక్కుకు రుమాలు కట్టుకోండి.

స్పార్ గాడి కూడా విప్పకముందే కోయాలి. ముందు అంచు నుంచి 54 మి.మీ. దగ్గర, రిబ్బు అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట, పైన ఒకటి, కింద ఒకటి. 6 మి.మీ. స్పార్ అయితే హాక్సా బ్లేడుతో రెండు గీతలు కోసి, మధ్య భాగం తీసేసి, ఒక పుల్లకు శాండ్ పేపర్ అతికించి దానితో సరిచేయాలి. కొలత స్కేలుతో కాదు, స్పార్ ముక్కతోనే చూడాలి. దిమ్మ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు వేలి ఒత్తిడితో దిగాలి. సుత్తి కావాలంటే గాడి ఇరుకైనట్టు. వదులుగా ఉంటే రిబ్బు పక్కకు వాలుతుంది, వాలిన రిబ్బులు రెక్కను మెలితిప్పుతాయి.

విప్పే ముందు ఇంకొక పని ఉంది. దిమ్మ పై భాగంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా పెన్సిల్ గీత గీయండి. విప్పాక ప్రతి రిబ్బు మీద ఒక చుక్క మిగులుతుంది. మళ్ళీ వరుసగా పేరిస్తే చుక్కలన్నీ కలిసి గీత అవుతాయి. ఏది తారుమారైనా గీత తెగి కనపడుతుంది. నేను ఈ గీత గీయకుండా విప్పాను. ఒక్కో రిబ్బు బరువు దాదాపు 0.8 గ్రాము. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇరవై ఒకటీ మంచాల కిందికి ఎగిరిపోయాయి.

చివరి పరీక్షగా మొదటి రిబ్బును, ఇరవై ఒకటోదాన్ని తీసి ఒకదానికొకటి ఆనించి అంచు మీద గోరు పోనివ్వండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే దిమ్మను మళ్ళీ బిగించి సరిచేయవచ్చు, రెక్కకు అతికించాక చేయలేరు.

కొసకు సన్నబడే రెక్కకు ఒక చివర పెద్ద అచ్చు, ఇంకో చివర చిన్న అచ్చు పెట్టి ఇదే పని చేయమంటారు. చేయవచ్చు గానీ ప్రతి రిబ్బు అంచూ ఏటవాలుగా వస్తుంది. రెండు రెక్కలకు రెండు దిమ్మలు విడిగా చేయాలి. నా సలహా, మొదటి రెక్క తిన్నగానే ఉండనివ్వండి. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో లేజర్ కటింగ్ యంత్రంతో కొద్ది నిమిషాల్లో రిబ్బులన్నీ కోసేస్తున్నారు. ఆ అవకాశం ఉంటే వాడుకోండి. అక్కడ కూడా రిబ్బులన్నీ ఒకే ఫైలు నుంచి వస్తాయి, ఒకదాని నకలు ఒకటి కాదు.

ఈ పద్ధతిలో చేసిన మా రెండో రెక్క చేయి వదలగానే నేరుగా పోయింది. మూడో రోజు వేపచెట్టుకు తగిలింది, అప్పుడు కంట్రోల్ నా చేతిలో ఉంది.

థర్మోకోల్ తమ్ముడికి: బాల్సా దాకా ఆగక్కర లేదు. నీ రెండు రెక్కలనూ విడదీసి, ముందు అంచులు ఒకే వైపు వచ్చేలా ఒకదాని అడుగుకు ఇంకోదాని అడుగు ఆనించి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, నాలుగు గుండుసూదులు గుచ్చి, 240 నంబరు కాగితంతో అంచులన్నీ కలిపి రుద్దు. తర్వాత విడదీసి ఒక్కొక్కటి తూచు. పచారీ కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు.

నా సన్‌మైకా అచ్చులు రెండూ, రెండు బోల్టులూ మన లైబ్రరీ బీరువా కింది అరలో పెట్టాను. నల్ల చుక్క ఉన్నది ముందు వైపు. వార్డెన్ గారిని అడిగి తీసుకోండి, పని అయ్యాక రెండింటినీ కలిపి బిగించే అక్కడే పెట్టండి.