సబ్‌స్టేషన్ రౌండు ఎలా వేయాలి? ఆయిల్ పిట్‌ను ఎలా చూడాలి?

సబ్‌స్టేషన్‌లో కొత్తగా చేరినవారికి మీటర్ రీడింగులు రాయడం, బ్రేకర్ వేయడం, తీయడం తొందరగానే వచ్చేస్తాయి. యార్డులో తిరిగి చూడటం మాత్రం కూర్చోబెట్టి నేర్పేవారు తక్కువ. "ఒక రౌండు వేసి రా" అంటారు, అంతే. ఏం చూడాలో తెలియకుండా తిరిగితే అది నడకే తప్ప తనిఖీ కాదు.

మండలాల్లో ఉండే 33/11 కేవీ సబ్‌స్టేషన్లనూ, వాటికి పైన ఉండే 132 కేవీ సబ్‌స్టేషన్లనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. కొత్త షిఫ్ట్ ఆపరేటర్లకు, అప్రెంటిస్‌లకు, సొంత సబ్‌స్టేషన్ ఉన్న ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్లకు ఇది పనికొస్తుంది. పరికరాలేవీ అక్కర్లేదు. ఒక క్రమంలో చూడటం, చూసింది చూసినట్టు రాయడం చాలు. వీటితోపాటు ఒక విషయం మనసులో నాటుకోవాలి: ఆయిల్ పిట్ విలువంతా దానిలోని ఖాళీలోనే ఉంది. ఆ ఖాళీని కాపాడటం కూడా మన డ్యూటీయే.

ఆయిల్ మీద ఇంత పట్టింపు ఎందుకు?

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ రెండు పనులు చేస్తుంది. వైండింగు వేడిని రేడియేటర్లకు మోసుకెళ్తుంది, లోపల ఇన్సులేషన్‌గా నిలుస్తుంది. అది తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ముప్పు. బయటికొస్తే మనకు, నేలకు, పక్కనున్న కాలువకు ముప్పు. మినరల్ ఆయిల్ మండుతుంది, నీటికన్నా తేలిక కాబట్టి నీటి మీద తేలుతూ దూరం పోతుంది.

అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనల్లో, 2000 లీటర్లకు మించి ఆయిల్ ఉన్న పరికరాలకు, కారిన ఆయిల్ చేరే సోక్ పిట్ (మనం ఆయిల్ పిట్ అనేది దీన్నే) ఉండాలంది. ఒకే ట్యాంకులో 9000 లీటర్లు దాటితే, కారిన ఆయిల్‌ను సురక్షితంగా తరలించే ఏర్పాటు కూడా ఉండాలంది. మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంత ఆయిల్ ఉందో నేమ్ ప్లేటు మీద రాసి ఉంటుంది. మొదటి రోజే ఆ అంకెను మీ డైరీలోకి ఎక్కించుకోండి.

1. యార్డులోకి వెళ్లే ముందు

హెల్మెట్, సేఫ్టీ బూట్లు, ఒంటిని పూర్తిగా కప్పే నూలు దుస్తులు వేసుకోండి. గొడుగు, నిచ్చెన, పొడవాటి కర్ర, ఇనుప టేపు వద్దు. ఉరుములు మెరుపుల్లో యార్డులో తిరగొద్దు. ఎవరి లైన్ క్లియర్ నడుస్తోందో, ఏ ఫీడరు మీద పని జరుగుతోందో కనుక్కుని, రౌండుకు వెళ్తున్నట్టు కంట్రోల్ రూములో చెప్పి బయల్దేరండి.

మనిషి నిలబడే చోటుకూ, కప్పులేని లైవ్ భాగానికీ మధ్య 11 కేవీకి 2.6 మీటర్లు, 33 కేవీకి 2.8, 132 కేవీకి 3.7, 220 కేవీకి 4.3 మీటర్ల కనీస దూరం ఉండాలి. యార్డు కట్టినప్పుడే ఈ దూరాలు చూసుకునే కడతారు. మీరు దేనిమీదకీ ఎక్కకుండా, చేయి పైకెత్తి చూపించకుండా ఉన్నంతవరకే ఆ లెక్క మిమ్మల్ని కాపాడుతుంది. రౌండులో పని కళ్లకు, చెవులకు, ముక్కుకే. ఏదైనా బిగించాలన్నా, తుడవాలన్నా పైవారి అనుమతి, అవసరమైతే లైన్ క్లియర్ ఉండాల్సిందే.

2. గేటు, కంచె, బోర్డులు

కంచె 1.8 మీటర్లకు తగ్గకూడదు. కంచె కింద మట్టి కొట్టుకుపోయి కుక్క దూరేంత సందు పడిందా? బయటి చెట్టు కొమ్మ లోపలికి వంగిందా? గేటు తాళం పనిచేస్తోందా? పుర్రె గుర్తుతో, తెలుగులో రాసిన ప్రమాద హెచ్చరిక బోర్డు చదవడానికి వీలుగా ఉందా, తుప్పులో కలిసిపోయిందా? షాక్ తగిలినవారికి చేయాల్సిన ప్రథమ చికిత్స పటం కంట్రోల్ రూములో కళ్లకు కనిపించే చోట ఉందా?

3. ముందు నేలను చూడండి

కొత్తవారు యార్డులోకి రాగానే తలెత్తి చూస్తారు. ముందు కిందికి చూడటం అలవాటు చేసుకోండి. అడుగు ఎక్కడ వేస్తున్నామో తెలియాలి, పైన జరిగిన చాలా సంగతుల ఆనవాళ్లు కిందే పడి ఉంటాయి. పింగాణీ ముక్క, కాలిన ఉడుత, పక్షి గూటి పుల్లలు, కంకర మీద నల్లటి మరక కనిపిస్తే, నిలబడ్డ చోటు నుంచే పైకి చూడండి.

యార్డులో పరిచిన కంకర అందానికి కాదు. ఫాల్ట్ వచ్చినప్పుడు నేలలో పారే కరెంటు మన పాదాల గుండా పోకుండా తగ్గిస్తుంది. అది మట్టిలో కూరుకుపోయినా, వయ్యారిభామ మొక్కలు మొలిచినా రాయాల్సిందే. కేబుల్ ట్రెంచ్ మూతలు విరిగాయా, లోపల నీరు నిలిచిందా చూడండి. పాములు అక్కడే చేరతాయి, చేయి పెట్టొద్దు. ప్రతి స్ట్రక్చరుకూ ఎర్త్ పట్టీ తెగకుండా ఉందా, దొంగలు కోసుకుపోయారా గమనించండి. ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లకు నీళ్లు పోశారో లేదో అడగండి.

తెగిన కండక్టరు నేలమీద కనిపిస్తే దగ్గరికి పోకండి. దూరంగానే ఆగి, మిగతావారినీ ఆపి, సప్లై తీయించండి.

4. ఇప్పుడు పైకి

జంపర్లు, క్లాంపులు, ఐసోలేటర్ బ్లేడ్లు ఒక్కొక్కటిగా చూడండి. మూడు ఫేజులూ ఒకేలా ఉండాలి. ఒక ఫేజులో ఐసోలేటర్ బ్లేడు సరిగా కూర్చోలేదనిపించినా, ఒక క్లాంపు రంగు మిగతా రెండింటికన్నా మారినా అది రాయాల్సిన విషయం. లోడు ఎక్కువగా ఉండే సాయంత్రం, చీకటిపడ్డాక ఒక రౌండు వేస్తే, బాగా వదులైన జాయింటు ఎర్రగా కనిపించి దొరికిపోతుంది.

ఇన్సులేటర్లపై పగుళ్లు, పెచ్చులు, మెరుపు గీసినట్టుండే నల్లటి చారలు వెతకండి. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు ఉప్పు, రామగుండంలో బొగ్గు ధూళి, తాండూరులో సిమెంటు ధూళి ఇన్సులేటర్లకు పడతాయి. ఎండగా ఉన్నంతసేపూ అవి ఊరుకుంటాయి. మంచు కురిసిన తెల్లవారుజామున, తొలి జల్లులో తడిసి కరెంటుకు దారి ఇస్తాయి. బుసబుస శబ్దం పెరిగితే సమయంతో సహా రాయండి. లైట్నింగ్ అరెస్టర్ దగ్గర కౌంటరు అంకె, ఎస్ఎఫ్6 బ్రేకర్ దగ్గర గ్యాస్ ప్రెషరు గేజి రీడింగు తీసుకోండి.

5. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒక ప్రదక్షిణం

ఎప్పుడూ ఒకే మూల నుంచి మొదలుపెట్టి, ఒకే దిక్కున తిరగండి. అప్పుడే ఏదీ వదిలిపోదు.

- కన్సర్వేటర్ గేజి: ఆయిల్ మట్టాన్ని ఆయిల్ ఉష్ణోగ్రతతో కలిపి చదవండి. ఎండలో, లోడులో మట్టం పెరగాలి. వేడిగా ఉన్నా మట్టం కిందే ఉంటే ఎక్కడో పోతోందని అర్థం. ముల్లు రోజుల తరబడి కదలకపోతే గేజి మీదే అనుమానపడండి.
- బ్రీదర్: నీలం సిలికా జెల్ తేమ పీల్చి గులాబీ రంగుకు మారుతుంది. నారింజ రకమైతే ఆకుపచ్చకు తిరుగుతుంది. గాలి కింది నుంచి వస్తుంది కాబట్టి రంగు కింద మొదలై పైకి పాకాలి. పైన ముందు మారిందంటే, పైపు జాయింటులో గాలి చొరబడుతోందని గుర్తు. అడుగున కప్పులో ఆయిల్ ఉండాలి.
- బుకోల్జ్ రిలే: గాజు కిటికీలో ఆయిల్ నిండుగా కనిపించాలి. గ్యాస్ చేరితే వెంటనే అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) గారికి ఫోన్ చేయండి. ఆ గ్యాస్‌ను మీరు వదలకండి, లోపల ఏం జరిగిందో అది చెబుతుంది.
- ఆయిల్, వైండింగ్ ఉష్ణోగ్రతలు: ఇప్పటి అంకెతోపాటు ఎర్ర ముల్లు చూపే గరిష్ఠం కూడా రాయండి.
- బుషింగులు, రేడియేటర్ వాల్వులు, డ్రెయిన్ వాల్వు, ట్యాప్ ఛేంజర్, మూతల గాస్కెట్లు: లీకులు మొదలయ్యేది ఎక్కువగా వీటి దగ్గరే.

6. లీకును చదవడం

పొడిగా ఉన్న చోట దుమ్ము నిలవదు, ఆయిల్ ఉన్నచోట అంటుకుని నల్లటి పొరగా మారుతుంది. అందుకే లీకును వెతికేటప్పుడు మెరుపు కోసమే కాదు, మురికి కోసం చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి మరక కనిపించిన చోటు లీకు మొదలైన చోటు కాకపోవచ్చు. మరకకు పైఅంచు ఎక్కడుందో పట్టుకోండి.

తీవ్రతను నాలుగు మాటల్లో రాస్తే అందరికీ ఒకేలా అర్థమవుతుంది: చెమ్మ, చెమర్చి జారడం, చుక్కలు, ధార. చుక్కలైతే నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. "కొంచెం లీకు ఉంది" అన్న మాటతో తర్వాతి షిఫ్టువారికి ఏమీ తెలియదు. "రెండో రేడియేటర్ కింది వాల్వు, నిమిషానికి 4 చుక్కలు" అంటే, రేపు అది 10 అయినప్పుడు ప్రమాదం ఎంత వేగంగా పెరుగుతోందో కాగితమే చెబుతుంది.

7. ఆయిల్ పిట్: ఖాళీ ఎంత మిగిలింది?

ఇక్కడ కాసేపు ఆగండి. చాలా రౌండుల్లో వదిలేసేది దీన్నే. పిట్‌లో కదిలేదేమీ లేదు, మోగేదేమీ లేదు, ఏళ్ల తరబడి దాని అవసరమూ రాదు. అవసరం వచ్చిన రోజున మాత్రం అది నిండి ఉండకూడదు.

ఒక లెక్క వేద్దాం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉన్న పిట్ అనుకోండి. మొత్తం 20 ఘనపు మీటర్లు, అంటే 20,000 లీటర్లు. అందులో కంకర నింపితే రాళ్ల మధ్య మిగిలే ఖాళీ సుమారు 40 శాతం. కాబట్టి ఆయిల్‌కు దొరికే చోటు 8000 లీటర్లే. ఇప్పుడు 100 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకోండి. తుపాను రోజుల్లో మన తీర జిల్లాలకు ఇది కొత్త కాదు. 20 చదరపు మీటర్ల మీద పడే నీరు 2000 లీటర్లు. నీరు పోయే దారి లేకపోతే, ఒక్క వానతో పిట్‌లో నాలుగో వంతు పోయింది. అలాంటి వానలు నాలుగు పడి, ఎవరూ తోడకపోతే, కారిన ఆయిల్ నీటి మీద తేలుతూ గట్టు దాటుతుంది. కట్టిన పిట్ కట్టినట్టే ఉంటుంది, పని మాత్రం చేయదు.

కాబట్టి పిట్ అంచు బయట నిలబడి ఇవి చూడండి:

- నీరు చేరే సంపులో మట్టం ఎంత? పొట్టి చెక్క పుల్లతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి.
- నీటిపై ఇంద్రధనుస్సు రంగుల పొర ఉందా?
- కంకర మధ్య మట్టి, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు నిండి ఖాళీని మింగేస్తున్నాయా?
- గోడల్లో పగుళ్లు, మొక్కల వేళ్లు ఉన్నాయా?
- బయటికి పోయే పైపు వాల్వు మూసి ఉందా? పైపు రెండో చివర ఎక్కడ తేలుతోంది? అది పంట కాలువో, చెరువో అయితే ఆ సంగతి రిజిస్టరు మొదటి పేజీలోనే ఉండాలి.

మూత ఉన్న లోతైన గుంతలోకి ఎట్టి పరిస్థితిలోనూ దిగకండి. లోపల ఊపిరాడకపోవచ్చు.

8. వాన నీరు తోడేటప్పుడు

ముందు నీటి పైభాగం చూడాలి. పొర లేకపోతేనే, ఏఈ గారి అనుమతితో, నీరు బయటికి వదలాలి. పంపు పైపును అడుగుకు దించాలి, ఎందుకంటే ఆయిల్ ఉంటే పైనే ఉంటుంది. తోడినంతసేపూ ఒక మనిషి అక్కడే నిలబడి, బయటికొచ్చే నీటిని చూస్తుండాలి. పని కాగానే వాల్వు మూసి, మూసినట్టు సంతకం చేయాలి. తెరిచి మరిచిపోయిన వాల్వు పిట్ లేకపోవడంతో సమానం.

పొర కనిపిస్తే నీరు వదలొద్దు. ఆయిల్‌ను వేరుగా డ్రమ్ములోకి తీసి, పేరు, తేదీ రాసి భద్రపరచాలి. వాడిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. చాలా పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు ఉన్నచోట పీసీబీ రసాయనాలు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. 2016 ఉత్తర్వు ప్రకారం మన దేశంలో వాటి వాడకం 2025 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషిద్ధం.

9. కంట్రోల్ రూము, మంటలార్పే సామగ్రి

బ్యాటరీల్లో ద్రవం మట్టం, టెర్మినళ్లపై తెల్లటి పూత, ఎగ్జాస్ట్ ఫ్యాను, డీసీ వోల్టేజి చూడండి. డీసీ పోతే ఫాల్ట్ వచ్చినా బ్రేకర్ ట్రిప్ కాదు. ఇసుక బక్కెట్లలో ఇసుక పొడిగా ఉండాలి. మంటలార్పే సిలిండర్ల తేదీ, ప్రెషరు గేజి ఉన్నవాటికి ముల్లు, దారికి అడ్డుగా ఏవైనా సామాన్లు ఉన్నాయా గమనించండి.

10. రాయండి, చెప్పండి

ప్రతి ఎంట్రీలో తేదీ, సమయం, పరికరం, ఫేజు, చూసింది, ఎవరికి చెప్పారో ఉండాలి. "అన్నీ బాగున్నాయి" అని రాయొద్దు. గేజి అంకె, పిట్ మట్టం, బ్రీదర్ రంగు రాయండి. చుక్కలు పడుతున్నా, పిట్ పగిలినా ఆ షిఫ్టులోనే ఏఈ గారికి చెప్పండి. చెప్పిన లోపం సరిచేసేవరకూ ప్రతిరోజూ మళ్లీ రాస్తూనే ఉండండి. షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారిని ఆ చోటికి తీసుకెళ్లి చూపించండి.

ధార కట్టిందంటే

దగ్గరికి పరుగెత్తొద్దు. పైవారికి చెప్పి ట్రాన్స్‌ఫార్మర్‌ను సప్లై నుంచి తప్పించే ఏర్పాటు చేయించండి. నిప్పు, వాహనాలు దూరం పెట్టండి. పిట్ బయటి వాల్వు సురక్షితంగా అందే చోట ఉంటే మూయండి. బయటికి పారే దారిలో ఇసుక బస్తాలు అడ్డం వేయండి. మంట లేస్తే సప్లై తీయించి, 101కి ఫోన్ చేసి, అందరినీ దూరం పంపండి. మండుతున్న ఆయిల్ మీద బక్కెట్లతో నీళ్లు కుమ్మరించకండి, మంట ఇంకా పాకుతుంది.

ఎప్పుడెప్పుడు?

మీ సంస్థ షెడ్యూలే ప్రమాణం. అది లేనిచోట ఇలా మొదలుపెట్టండి: ప్రతి షిఫ్టులో గేజీలు, లీకులు, రోజుకోసారి పూర్తి రౌండు, వారానికోసారి చీకటిలో రౌండు, పిట్ కొలత, నెలకోసారి కంచె, ట్రెంచ్‌లు, మంటలార్పే సామగ్రి. భారీ వాన, తుపాను, పెద్ద ట్రిప్పింగు తర్వాత షెడ్యూలుతో పనిలేకుండా వెంటనే చూడాలి. మే నెల ముగిసేలోపు పిట్‌లోని పూడిక తీయించి, కంకర కడిగించి, వాల్వు పరీక్షించాలి. తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులో ఇంకోసారి.

ఈ వారమే ఒక పని చేయండి. మీ పిట్ పొడవు, వెడల్పు, లోతు కొలిచి, అందులో ఖాళీ ఎంతో లెక్కగట్టి, ఆ అంకెను నేమ్ ప్లేటు మీది ఆయిల్ అంకె పక్కన రాయండి. ఖాళీ తక్కువ ఉంటే ఆ రెండు అంకెలతోనే ఏఈ గారికి లేఖ పెట్టండి. పూడిక తీయించమనో, పిట్ పెంచమనో అడగడానికి అంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.