చందమామ రాళ్లు ఏ వేడికి కరిగాయి?

మా పెనుకొండ రాయి ఒకప్పుడు కరిగి గట్టిపడిందేనని క్లాసులో చెప్పారు. చంద్రుడి రాళ్లూ అంతేనట. అవీ అగ్నిపర్వతాల వల్లే కరిగాయా సార్?
– ఇంటర్ విద్యార్థిని, పెనుకొండ

కొన్ని మాత్రమేనమ్మా. చంద్రుడిలో నల్లగా కనిపించే మచ్చలు లోపలి నుంచి ఉబికిన లావా గట్టిపడినవే. తెల్లగా మెరిసే ఎత్తు ప్రాంతాల్లో మాత్రం గ్రహశకలాలు ఢీకొని కరిగించిన రాళ్లు విస్తారంగా ఉన్నాయి. సెకనుకు 15, 20 కిలోమీటర్ల వేగంతో బండ వచ్చి తగిలితే నేలరాయి ఒక్కసారిగా నలిగిపోతుంది. ఆ ఒత్తిడి వదిలాక మిగిలే వేడే దాన్ని కరిగిస్తుంది. నిప్పూ గాలీ అక్కర్లేదు. మీ గ్రానైట్ అలా కాదు, సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోతుల్లో నిదానంగా చల్లారింది. అందుకే పగిలిన ముక్కలో పలుకులు కంటికి విడివిడిగా కనిపిస్తాయి.

రెండూ కరిగినవే అయినప్పుడు, ఇది లావా, ఇది దెబ్బకు కరిగింది అని ఎలా తేలుస్తారు?
– ఉపాధ్యాయుడు, హిందూపురం

నిపుణులే ఒకసారి తడబడ్డారు. 1972 ఏప్రిల్‌లో అపోలో-16 దిగిన డెకార్ట్ ప్రాంతంలో అగ్నిపర్వతపు రాళ్లు దొరుకుతాయనుకున్నారు. తెచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఢీకొన్న దెబ్బకు నలిగినవీ, కరిగినవీ.

ముందు చూసేది రాతిలో ఇరుక్కున్న, కరగకుండా మిగిలిన పాత రాతి ముక్కలను. తర్వాత ఇరీడియం, నికెల్, బంగారం. చంద్రుడి పైపొరలో ఇవి చాలా తక్కువ. కరుగురాతిలో ఎక్కువగా కనిపిస్తే ఢీకొన్న శకలం తన ఆనవాలు వదిలిందన్నమాట. దెబ్బ ఎప్పుడు తగిలిందో ఆర్గాన్ వాయువు చెబుతుంది. రాయి కరిగినప్పుడు అది బయటికి పోతుంది. చల్లారాక పొటాషియం నుంచి పుట్టి మళ్లీ పేరుకుంటుంది.

అలా లెక్కకట్టిన అపోలో రాళ్ల వయసు చాలావరకు 390 కోట్ల ఏళ్ల దగ్గరే గుమిగూడింది. ఆ కాలంలో గ్రహశకలాల వాన కురిసిందని 1970లలో కొందరన్నారు. కాదు, ఇంబ్రియం అనే ఒక్క మహాఘాతం చిమ్మిన రాళ్లే ఎక్కడ చూసినా దొరుకుతున్నాయని మరికొందరు. ఇంబ్రియం లాగే అపోలో దిగిన ఆరు చోట్లూ మనకు కనిపించే ముఖం మీదే ఉన్నాయి కాబట్టి నాకు ఈ రెండో మాటే బలంగా తోస్తుంది.

చేను దున్నుతుంటే బరువైన నల్లరాయి దొరికింది. చంద్రుడి నుంచి పడిందా? మన ప్రజ్ఞాన్ రోవర్ అక్కడ చూసింది ఇలాంటిదేనా?
– రైతు, ధర్మవరం

పాత అనంతపురం జిల్లాలో గ్రానైట్‌ను చీల్చుకుని లేచిన డోలరైట్ నల్లరాతి గట్లు చాలా ఉన్నాయి. మీది అదే అయి ఉండవచ్చు. ఆకాశం నుంచి కొత్తగా పడిన రాయికి పైన సన్నని కరుగుపొర ఉంటుంది.

ప్రజ్ఞాన్ చూసింది వేరు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక అది 103 మీటర్ల దారిలో 23 చోట్ల మట్టిని పరీక్షించింది. అందులో ఎక్కువగా ఉన్నది ఫెర్రోవన్ అనార్థోసైట్ అనే లేతరంగు రాతి పొడి. తొలినాళ్లలో చంద్రుడంతా కరిగి ఉన్నప్పుడు పైకి తేలి గట్టిపడిన రాయి అది. దక్షిణ ధ్రువ-ఐట్కెన్ గుంతను తవ్విన దెబ్బకు లోతుల నుంచి ఎగిరిపడిన పదార్థమూ అందులో కలిసి ఉండవచ్చని అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించారు.

మీ రాయిని పగలగొట్టకండి, కడగకండి. అనుమానం తీరకపోతే హైదరాబాద్‌లోని భారత భూవిజ్ఞాన సర్వే కార్యాలయంలో చూపించండి.