కొలువులో మెలకువలు – కౌమారంలో శిక్షణ

పని చేతనైనంత మాత్రాన ఉద్యోగం నిలవదు. పై అధికారి తప్పు చూపినప్పుడు ఎలా బదులు చెప్పాలి, తెలియని విషయాన్ని ఎవరిని అడగాలి, తోటివారితో పేచీ వస్తే ఏం చేయాలి అన్నవీ తెలిసి ఉండాలి. చాలామంది పిల్లలు వీటిని పెద్దలను చూసి తమంత తామే గ్రహిస్తారు. తీవ్రమైన ఆందోళన, దిగులు, పట్టరాని కోపం వంటి సమస్యలతో బాధపడే పిల్లలకు అది సులభం కాదు. తెలిసిన మర్యాద సైతం ఉద్వేగం పొంగిన క్షణంలో అక్కరకు రాకపోవచ్చు. దీనిని పొగరనో, పెంపకంలోని లోపమనో భావించడం పొరపాటు. ఈత వలెనే ఇదీ అభ్యాసంతో అలవడే విద్య.

పెద్దల దుడుకుతనాన్ని చూసిన పిల్లలు దానిని అనుకరిస్తారని ఆల్బర్ట్ బండూరా 1961లో ప్రచురించిన ప్రయోగంలో వెల్లడించారు. చూసి చెడు నేర్చినట్లే మంచీ నేర్వవచ్చు. ఈ సూత్రం ఆధారంగా ఆర్నాల్డ్ గోల్డ్‌స్టీన్ బృందం 1980లో కౌమార వయస్కులకై ఒక బోధనా పద్ధతిని ప్రకటించింది. అందులో అంగాలు నాలుగు: చేసి చూపడం, చేయించడం, గుణదోషాలు చెప్పడం, నిజజీవితంలో ఆచరింపజేయడం.

ఉదాహరణకు, దుకాణంలో సరుకులు సర్దే కుర్రవాడితో అధికారి, "ఈ డబ్బాలు తప్పు అరలో పెట్టావు" అన్నాడనుకుందాం. వెంటనే బదులు చెప్పక ఒకసారి ఊపిరి పీల్చుకోవడం మొదటి మెట్టు. మాట పూర్తిగా వినడం రెండవది. "వీటిని కింది అరలోకి మార్చాలా?" అని అడిగి రూఢి చేసుకోవడం మూడవది. సరిదిద్దడం నాలుగవది. ఉపాధ్యాయుడు ముందుగా నటించి చూపుతాడు. పిదప విద్యార్థి నటిస్తాడు. "బాగుంది" అని ఊరుకోక, "అడ్డు తగలకుండా విన్నావు" అని నిర్దిష్టంగా మెచ్చుకోవాలి. తరగతిలో వచ్చినది దుకాణంలో రాకపోవచ్చు. కనుక అసలైన పనిచోట కూడా అభ్యాసం అవసరం.

మన ఇళ్ళలో పెద్దలు మందలిస్తే తలవంచుకుని మౌనంగా ఉండడం మర్యాద. అమెరికాలో పనిచోట ఆ మౌనమే నిర్లక్ష్యంగా తోచవచ్చు. రెండు భాషలు నేర్పినట్లే రెండు మర్యాదలనూ పిల్లలకు విడమరచి చెప్పాలి.

అమెరికాలో ప్రత్యేక విద్యకు అర్హులైన విద్యార్థులకు 16వ ఏట నుంచి అమలయ్యే వ్యక్తిగత విద్యాప్రణాళికలో ఉద్యోగ జీవితానికి సంబంధించిన లక్ష్యాలు, సేవలు ఉండాలని చట్టం నిర్దేశిస్తున్నది. 2014 నాటి మరొక చట్టం వైకల్యం గల విద్యార్థులకు సామాజిక నైపుణ్యాలతో కూడిన ఉద్యోగ సంసిద్ధత శిక్షణకు వీలు కల్పించింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచంతో తల్లిదండ్రులు సమస్యను దాచిపెడితే ఈ తలుపులు తెరుచుకోవు. పాఠశాలకు వ్రాసే ఒక్క ఉత్తరం బిడ్డ బ్రతుకుతెరువుకు తొలిమెట్టు కాగలదు.