రీలు పెట్టే ముందు

చేవెళ్ల మార్కెట్‌లో టమాట బాక్సు కొనేవాడు పైవరుస చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగున ఉన్న కాయ ఒకటి బయటికి తీస్తాడు. అడుగున పగిలినవి పెడతాడని ఒక్కసారి పేరుపడితే ఆ రైతు తెచ్చిన బాక్సుకు మరి సరైన ధర రాదు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లలు ఫోన్‌లో పెట్టే ప్రమోషన్ల గురించి వాళ్లతో మాట్లాడాల్సి వస్తే మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లే పిల్లల్లో రీల్స్ చేసేవాళ్లకు కొదవ లేదు. చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు, వానలకు నిండిన హిమాయత్‌సాగర్, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు, ఏది తీసినా చూసేవాళ్లు ఉంటారు. ఫాలోవర్లు కాస్త పెరగగానే ప్రమోషన్ చేయమని ఇన్‌బాక్స్‌లో మెసేజ్ దిగుతుంది.

మాకు తెలిసిన ఒకమ్మాయికి అలాగే వచ్చింది. నాన్న చామంతి, బంతి వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకెళ్తాడు. ఒక యాప్ గురించి స్టోరీ ఒకరోజు ఉంచితే రెండువేలు, లింకు నొక్కి ఎవరైనా చేరితే మనిషికింత అని బేరం. అమ్మాయి సంబరంగా తల్లికి చూపించింది. ఆవిడ పూలు గుచ్చుతూనే, "రెండువేలు నీకు ఆ యాప్‌వాడిస్తడు. మరి వాడికెవరిస్తరు బిడ్డా?" అంది. అమ్మాయి లింకు తెరిచింది. క్రికెట్ స్కోరు, దాని కిందే డబ్బు వేయమనే గడి. "ఇంకెవరు, మన వాడకట్టు పోరగాళ్లే" అని ఫోన్ పక్కన పెట్టేసింది. పెద్దగా చదువుకోని ఆ తల్లి అడిగినంత సూటిగా మనలో చాలామందిమి అడగం. "ఎంతిస్తరంట?" దగ్గరే ఆగిపోతాం.

2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసు స్టేషన్లలో ఇలాంటి బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్లు, నటుల మీద కేసులు పెట్టారు. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాల మీద గట్టిగానే గొంతెత్తారు. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. రెండువేల స్టోరీకి ఇంత బరువుందని పిల్లలకు తెలియకపోవచ్చు. తెలిసేలా చెప్పండి, బెదిరించకండి. అరిచి ఫోన్ లాక్కున్న ఇంట్లో పిల్లలు రెండో ఖాతా తెరుస్తారు. దానిపేరు కూడా మీకు తెలియదు.

మన దగ్గర యాప్‌లకంటే ఎక్కువ కనిపించేవి ప్లాట్లు. పచ్చటి గడ్డి, డ్రోన్ షాట్, వెనక పాట, "ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ఫామ్ ప్లాట్" అనే గొంతు. ఆ గొంతు మీ అబ్బాయిది కావచ్చు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, కిందికి వచ్చే వెంచర్‌ను నమోదు కాకముందు ప్రచారం చేయకూడదు. ప్రకటనలో నమోదు నంబరు ఉండాలి. లేఅవుట్ అనుమతి లేకుండా గుంటల లెక్కన అమ్మే భూమిని మీ పిల్లవాడి మాట విని కొన్నవాళ్లు, రేపు ఇల్లు కట్టుకోబోతే అనుమతి రాకపోతే, కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ పోరు. మీ గేటు తడతారు. అందుకని ఒప్పుకునే ముందు నంబరు అడిగి, రెరా వెబ్‌సైట్‌లో సరిచూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోమనండి. తప్పుడు ప్రకటనలో కనిపించినవాళ్లకు వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. చెప్పే ముందు తగినంత విచారించుకున్నట్టు చూపగలిగితే తప్పించుకునే వీలూ అదే చట్టంలో ఉంది.

ఇంతా చదివి ఈ సంపాదనే పాపమనుకోకండి. ఊళ్లో నర్సరీ, బేకరీ, బ్లౌజులు కుట్టే అక్క, వీళ్లందరికీ నలుగురికి తెలియడం అవసరం. వాళ్లకోసం పిల్లలు రీలు చేసి డబ్బు తీసుకుంటే అది కష్టార్జితమే. డబ్బు తీసుకున్న సంగతి దాచకూడదు, అంతే. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది ప్రకటన అని వీడియోలో కనపడాలి, వినపడాలి కూడా. కింద హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో ఇరికిస్తే చెల్లదు. తెలుగులో మాట్లాడే పిల్ల తెలుగులోనే చెబితే సరిపోతుంది: "ఇది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన." పద్దెనిమిది నిండనివాళ్లు కుదుర్చుకున్న ఒప్పందం చట్టంలో నిలవదు గనుక ఆ బేరంలో మీరు పక్కన కూర్చోవాల్సిందే.

పోస్టులకు లైకులు కొడితే రోజుకింత అని, ముందుగా కాస్త డిపాజిట్ కట్టమనేవాళ్లు, "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం" అనేవాళ్లు కూడా ప్రమోషన్ పేరుతోనే వస్తారు. వాళ్లతో బేరమే వద్దు. డబ్బు ఇప్పటికే పోయుంటే పిల్లల్ని తిట్టడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పోయిన డబ్బును ఆపే అవకాశం అంత ఉంటుంది.

ఈ రాత్రి అన్నాలయ్యాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పటిదాకా ఏమేం ప్రమోట్ చేశారో చూపించమనండి. దానికంటే ముందు మీ వాట్సాప్ స్టేటస్ ఒకసారి తెరవండి. బావమరిది పంపాడని పొద్దున మీరు పెట్టిన వెంచర్ బ్రోచర్ అక్కడే ఉంది. దాని మీద రెరా నంబరు ఉందేమో చూడండి.