పరమతస్థుల నడుమ క్రైస్తవభక్తుఁడు

తన మతమునందు దృఢవిశ్వాసము గలవాఁడు పరమతస్థుల నడుమ నెట్లు మెలఁగవలయును? లోకములో రెండు విధములు వాడుకలో నున్నవి. తన నమ్మకమును దాఁచుకొని యందఱి మాటకును తలయూఁపుట యొకటి. వాదమునకు దిగి యెదుటివానిని గెలువఁజూచుట రెండవది. ఈ రెంటికిని భిన్నమైన మార్గమును మనము చార్లెసు ఫ్రీయరు ఆండ్రూసుగారి చరిత్రమునందుఁ జూడఁగలము.

వీరు 1871వ సంవత్సరమున నింగ్లండునఁ బుట్టి, 1904లో ఢిల్లీయందలి సెంటు స్టీఫెన్సు కళాశాలకు మిషనరీ యుపాధ్యాయులుగా వచ్చిరి. ఆ కళాశాలకుఁ బ్రధానాధ్యాపకుని నియమింపవలసి వచ్చినప్పుడు, ఆండ్రూసుగారు సుశీలకుమార రుద్రాగారి పక్షమున గట్టిగా నిలిచిరి. 1906లో రుద్రాగారికే యా పదవి లభించెను. రుద్రాగారును క్రైస్తవులే. అయినను ఆంగ్లేయుఁడొక భారతీయుని క్రిందఁ బనిచేయుట యా దినములలో సామాన్యవిషయము కాదు. వర్ణభేదమును మాన్పుటకు మతైక్య మొక్కటియే చాలదని మన మెఱిఁగినదే కదా. ఆ నగరమందే మౌల్వీ జకావుల్లాగారను వృద్ధ మహమ్మదీయ విద్వాంసునితో వీరికి గాఢమైత్రి కలిగెను. ఆ పెద్ద 1910లో మహమ్మదీయుఁడుగానే మరణించెను. ఆయన జీవితచరిత్రమును 1929లోఁ బ్రకటించినవారు క్రైస్తవులైన ఆండ్రూసుగారే.

ఇఁక ఫిజీదీవుల సంగతి. 1879 మొదలు 60,000 మందికిఁ బైగా భారతీయులు అయిదేండ్ల కరారుపై నచ్చటి చెఱకుతోఁటలకుఁ గొనిపోఁబడిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవునుండియు నోడలు వెడలుటచేఁ దెలుఁగువారును వారిలోఁ జేరిరి. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు చాలునని నిబంధన. ఈ యొక్క లెక్కయే యెన్ని కుటుంబముల ధర్మమును మట్టిపాలు చేసెనో చదువరులే యూహింపవచ్చును. ఆండ్రూసుగారు జాలిమాటలతోఁ దృప్తి నొందలేదు. 1915లో మిత్రులగు పియర్సనుగారితోఁ గూడ నచ్చటి కేఁగి, కూలీల నివాసములను స్వయముగాఁ జూచి, విచారించి, 1916లో నివేదికను బ్రకటించిరి. 1917లో మరల వెళ్లిరి. 1920 జనవరి 1వ తేదీతో నచ్చట మిగిలిన కరారులు రద్దయ్యెను. ఆ కూలీలలోఁ బెక్కండ్రు హిందువులు, కొందఱు మహమ్మదీయులు. వారి కొఱకు సముద్రములు దాఁటి శ్రద్ధతో లెక్కలు పరీక్షించుట వీరికిఁ బ్రార్థనవంటిదే యయ్యెనని మా తలంపు. దయగల హృదయములు మనలోఁ బెక్కు గలవు. చక్కఁగా ముగింపఁబడిన పనులే తక్కువ.

1914లో వీరు కొన్ని మతసూత్రములను మనఃపూర్వకముగాఁ బలుకఁజాలక గురుత్వవిధులను విడిచి, రవీంద్రనాథులవారి శాంతినికేతనమునఁ జేరిరి. దీనిం బట్టి "ఆయన మనవాఁడే, పేరునకుమాత్రము క్రైస్తవుఁడు" అనుటకు మన బ్రాహ్మసోదరులకుఁ గోరిక పుట్టుట సహజము. నమ్మని మంత్రమును నోటఁ బలుకరాదని యిల్లును బంధువులను విడిచినవారు మనలోను గలరు గనుక, ఆ సత్యనిష్ఠ మనకుఁ బరిచితమే. కాని యాయన క్రీస్తును విడువలేదు. తాను క్రీస్తున కెంత ఋణపడియుండెనో తెలుపు గ్రంథమును 1932లోఁ బ్రకటించెను. నిరాకారోపాసకుల యాశ్రమములో నేండ్లతరబడి వసించియు నాయన క్రైస్తవుఁడుగానే యుండెను. మనవా రాయనను బ్రేమించుట కది యడ్డు కాలేదు. పరుని మంచితనమును మన ఖాతాలో వ్రాసికొనుటయు నొకవిధమైన మతమార్పిడియే. 1940 ఏప్రిలు 5వ తేదీన కలకత్తాలో మరణించిన ఆ దీనబంధువును క్రైస్తవుల శ్మశానవాటికయందే సమాధిచేసిరి.